చుక్కతో స్టోవ్ తోటకు వెళ్ళిన రోజు, ఆ తర్వాతి రెండు రోజులు

మా చుక్క ఇంటికి వచ్చింది 2024 నవంబరు 9న. పందేల్లో పరుగెత్తి రిటైరైన గ్రేహౌండ్. నాలుగేళ్ళ ఆడకుక్క. ఒళ్ళంతా నలుపు, నుదుటి మీద మాత్రం తెల్లటి చుక్క. దత్తతకు దరఖాస్తు పెట్టిన రోజు నుంచి ఇంటికి తెచ్చుకునేదాకా ఏడు వారాలు పట్టింది. మధ్యలో ఒకావిడ మా ఇంటికి వచ్చి పెరటి కంచె ఎత్తు టేపు పెట్టి కొలిచి వెళ్ళారు. దత్తత రుసుము 250 పౌండ్లు.

అప్పటిదాకా అది ఇల్లనేది చూడలేదు. మెట్లు ఎక్కడం తెలియదు. పెరటివైపు అద్దాల తలుపుకి రెండుసార్లు ముక్కు కొట్టుకుంది. గ్రేహౌండ్‌లకు ఒక అలవాటు ఉంటుంది. నమ్మకం కుదిరిన మనిషి పక్కకు వచ్చి, బరువంతా కాళ్ళకు ఆనించి ఒరిగి నిలబడతాయి. చుక్క నాకు అలా ఆనుకుని నిలబడింది డిసెంబరు 2న. ఆ తేదీ క్యాలెండర్‌లో రాసి పెట్టుకున్నాను.

మేముండేది ఇంగ్లండ్‌లో, మిల్టన్ కీన్స్‌లో. ఇక్కడ పాత జమీందారీ తోటలు చాలా ఉన్నాయి. 2014లో ఈ దేశం వచ్చినప్పటి నుంచీ అవంటే నాకు ప్రాణం. చుక్క వచ్చాక దాన్నీ తీసుకెళ్ళాలనిపించింది. మొదటి ప్రయత్నం జనవరి 18, శనివారం. ఆ తోట పేరు చెప్పను. వెబ్‌సైట్‌లో కుక్కలకు స్వాగతం అని ఉంది. గంటా పది నిమిషాలు కారు నడిపి, చలిలో చుక్కకు కోటు తొడిగి, గేటు దాకా వెళితే లోపలికి రానివ్వలేదు. కుక్కలకు స్వాగతం ఉన్నది బయటి పార్కుకే, తోటకు కాదట. తోట అంటే పూలమొక్కలు, చెరువులు, కట్టడాలు ఉన్న భాగం. పార్కు అంటే దాని చుట్టూ ఉన్న పచ్చిక బయళ్ళు. ఇంగ్లండ్‌లో ఈ రెంటికీ వేర్వేరు నియమాలుంటాయని నాకు అప్పటిదాకా తెలియదు. మా ఆయన లోపలికి వెళ్ళినప్పుడు నేను బయట, నేను వెళ్ళినప్పుడు ఆయన బయట. ఇద్దరికీ టికెట్ డబ్బులు మాత్రం పూర్తిగా అయ్యాయి. తిరుగు ప్రయాణంలో ఎవరం మాట్లాడలేదు. మీరు వెళ్ళేముందు ఫోన్ చేసి, "తోటలోకి కూడా రానిస్తారా, ఏ నెలల్లో, ఏ వేళల్లో?" అని అదే మాటల్లో అడగండి. లండన్‌లోని క్యూ (Kew) అనే తోటలోకైతే అంధులకూ వికలాంగులకూ సాయం చేసే కుక్కలను తప్ప వేటినీ రానివ్వరు.

రెండో సమస్య గొర్రెలు. ఈ పార్కుల్లో గొర్రెలు మేస్తుంటాయి. చుక్కకు చిన్నప్పటి నుంచి నేర్పిందల్లా కదిలేదాని వెంట పడటమే. గొర్రెలను కుక్క తరిమితే యజమానిది నేరమని ఇక్కడ 1953 నుంచీ చట్టం ఉంది. అందుకని ఫిబ్రవరిలో ఒక ట్రైనర్ దగ్గర మూడు క్లాసులు తీసుకున్నాం, గంటకు 45 పౌండ్లు. మూతికి చిక్కం అలవాటు చేయడానికి ఆరు వారాలు పట్టింది. మొదట చిక్కంలో చీజ్ ముక్క పెట్టి ముక్కు దూర్చనివ్వడం, తర్వాత ఐదు సెకన్లు, పది సెకన్లు, ఒక నిమిషం, అలా పెంచుకుంటూ పోవాలి. తొందరపడి ఒకరోజు పట్టీ బిగిస్తే రెండు వారాలు వెనక్కి పోయాం. మెడపట్టీకి మా పేరు, చిరునామా చెక్కించిన బిళ్ళ కూడా వేయించాను. బయటికి తీసుకెళ్ళే కుక్కకు అది ఉండి తీరాలి. మైక్రోచిప్ ఉంది కదా అంటే చాలదు.

ఏప్రిల్ 22న అమ్మ తెనాలి నుంచి వచ్చింది. ఫోన్లో "గ్రేహౌండ్‌ని పెంచుకుంటున్నాం" అని చెప్పినప్పుడు అమ్మ "గ్రేహౌండ్స్ అంటే అడవుల్లో తిరిగే పోలీసులు కదే" అంది. వచ్చి చూశాక భయపడింది. అమ్మకు చిన్నప్పుడు కుక్క కరిచి పొట్ట చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు వేశారు. ఆ భయం అరవై ఏళ్ళయినా పోలేదు. చుక్క దగ్గరికి వస్తే అమ్మ పక్కకు జరిగేది. వంటింటి గడప దాటనిచ్చేది కాదు. పేరు పెట్టి పిలవలేదు. మూడు వారాలూ "మీ కుక్క" అనే అంది. నేనేమీ అనలేదు. అనాల్సింది ఏముంది?

మే 13, మంగళవారం నాకు సెలవు. ఆయనకు ఆఫీసు. అమ్మా, నేనూ, చుక్కా స్టోవ్ అనే పాత జమీందారీ తోటకు బయలుదేరాం. మా ఇంటి నుంచి బకింగ్‌హామ్ మీదుగా ముప్పై ఐదు నిమిషాలు. ఫోన్ చేసి అడిగాను, తోటలోకి కూడా రానిస్తారు, పొట్టి పట్టీ మీద ఉంచాలి అన్నారు. ఈ తోటను చూసుకునే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థలో సభ్యత్వం ఉంది కనుక నాకు టికెట్ లేదు, పార్కింగ్‌కూ పైసా లేదు. చుక్కకు ఎలాగూ డబ్బు కట్టక్కర్లేదు. అమ్మ పొద్దున్నే లేచి పులిహోర, దద్ధోజనం చేసి రెండు డబ్బాల్లో సర్దింది.

పదింటికి చేరాం. టికెట్లు ఇచ్చే చోటు పేరు న్యూ ఇన్. తోట చూడటానికి వచ్చేవాళ్ళు బస చేయడానికని 1717లోనే కట్టించిన సత్రం అది. అంటే ఈ తోటకు మూడు వందల ఏళ్ళుగా జనం వస్తూనే ఉన్నారు. మొదట తెలుసుకోవాల్సింది ఏమిటంటే, తోట అక్కడ లేదు. అక్కడి నుంచి పది నిమిషాలు పల్లం దిగాలి. అమ్మకు మోకాళ్ళ నొప్పి. అటూ ఇటూ చిన్న బగ్గీ బండి తిరుగుతుందని చెప్పారు గానీ "దిగేటప్పుడు ఎందుకులే" అని అమ్మ నడిచింది. చెత్తడబ్బాలు కూడా తోటలో తక్కువ. చుక్క మలం తీసిన సంచీని చాలాసేపు చేతిలో పట్టుకుని తిరగాల్సి వచ్చింది. మూత గట్టిగా పడే చిన్న డబ్బా ఒకటి వెంట ఉంచుకోవడం మంచిది.

గేటు దాటగానే ఆక్టగన్ చెరువు. అవతలి ఒడ్డున ఎత్తు మీద పెద్ద భవనం. ఇప్పుడది బడి, 1923 నుంచీ. చుక్క చెవులు రెండూ నిక్కించి నిలబడిపోయింది. నీళ్ళలో హంసల జంట, వెనకాల బూడిదరంగు పిల్లలు ఉన్నాయి. మేలో ఇది చాలా జాగ్రత్తగా ఉండాల్సిన విషయం. పిల్లలున్న హంస మనం ఒడ్డుకు వెళితే రెక్కలు విప్పి బుసకొడుతుంది. చుక్క భయపడి నా వెనక్కి వచ్చింది. ఎండ బాగా కాసే రోజుల్లో చెరువు నీళ్ళు తాగనివ్వకూడదు, నాచు విషం ఉండవచ్చు. అందుకని రెండు లీటర్ల నీళ్ళు, మడిచే గిన్నె వెంట తెచ్చుకున్నాం.

స్టోవ్‌లో చిన్నా పెద్దా కలిపి నలభైకి పైగా కట్టడాలు ఉన్నాయి. చాలావాటి పేర్లలో టెంపుల్ అని ఉంటుంది. యజమానుల ఇంటిపేరే టెంపుల్. ఆ పేరుకు తగ్గట్టు కట్టించుకుంటూ పోయారు. ఈ సంగతి నేను చెప్పేలోపే అమ్మ గుండ్రటి టెంపుల్ ఆఫ్ ఏన్షెంట్ వర్చ్యూ మెట్ల దగ్గర చెప్పులు విడిచింది. లోపల హోమర్, సోక్రటీసు, ఇంకో ఇద్దరు గ్రీకుల విగ్రహాలు. "దేవుడేడే?" అంది. దేవుడు లేడమ్మా, పెద్దవాళ్ళ విగ్రహాలు అన్నాను. "పెద్దవాళ్ళే కదా" అని దండం పెట్టుకుంది. చెప్పులు వేసుకోమని నేను చెప్పలేదు. చల్లని రాతి మీద అమ్మ వట్టి కాళ్ళతో ఒక ప్రదక్షిణ చేసింది. చుక్కను బయట మెట్ల దగ్గరే ఉంచాను.

అక్కడి నుంచి కిందికి దిగితే ఒక సన్నని నీటిపాయ. దానికి స్టిక్స్ నది అని పేరు పెట్టారు. గ్రీకు కథల్లో చనిపోయినవాళ్ళు దాటే నది. ఆ లోయ పేరు ఎలీసియన్ ఫీల్డ్స్, పుణ్యాత్ములు చేరే స్వర్గం. నీటికి అవతల, అర్ధచంద్రాకారంగా రాతి గూళ్ళు, వాటిలో పదహారు తలలు: షేక్స్పియర్, న్యూటన్, మిల్టన్, మొదటి ఎలిజబెత్ రాణి. 1730లలో విలియం కెంట్ గీసిన కట్టడం ఇది. అందరూ ముందు నుంచి చూసి, ఫోటో తీసుకుని వెళ్ళిపోతున్నారు. నేను ఇంత దూరం వచ్చింది దాని వెనక్కి వెళ్ళడానికి.

వెనక ఎవరూ లేరు. కాళ్ళకు నెటిల్స్ తగిలాయి, మన దురదగొండిలాగా మంట పుట్టించే మొక్కలు. చుక్కకు ఒంటి మీద వెంట్రుకలు పలచన, చర్మం కాగితంలా ఉంటుంది. దాన్ని నా ఎడమవైపుకు లాక్కుని నడిచాను. అక్కడ గోడకు చెక్కిన ఒక శాసనం ఉంది, సిన్యోర్ ఫిడో అనే ఆయన జ్ఞాపకార్థం. అమ్మకు ఒక్కో వాక్యం తెలుగులో చెప్పుకుంటూ వెళ్ళాను. మంచి వంశంలో పుట్టిన ఇటాలియన్. తన దేశంవాళ్ళు చాలామందిలాగా మమ్మల్ని కరవడానికి కాకుండా, నిజాయితీగా బతుకు సంపాదించుకోవడానికి ఇంగ్లండ్ వచ్చినవాడు. కీర్తి వెంట పడలేదు, అయినా కీర్తి వచ్చింది. మిత్రుల పొగడ్త పట్టించుకోలేదు, వాళ్ళ ప్రేమ మాత్రం బాగా తెలుసు. పెద్దవాళ్ళ మధ్య బతికినా వాళ్ళ చెడ్డ అలవాటు ఒక్కటీ నేర్చుకోలేదు. ముసలితనంలో పల్లెలో ఒక చర్చి ఫాదరు ఇంట్లో ఉండి కన్నుమూశాడు. ఆఖరి వాక్యం: చదివేవారా, ఈ రాయిలో ముఖస్తుతి ఏమీ లేదు, ఎందుకంటే ఇతను మనిషి కాదు, గ్రేహౌండ్.

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేకపోయాను. పరాయి దేశంవాళ్ళు కరవడానికి వస్తారన్న ఆ మాట నన్ను గుచ్చుకుంది. నేను వచ్చిందీ పొట్ట కోసమే. పదకొండేళ్ళలో ఎన్ని ఇంటర్వ్యూల్లో, ఎన్ని వీసా ఫారాల్లో నేను కరవనని రుజువు చేసుకున్నానో నాకు తెలుసు. అయినా మూడు వందల ఏళ్ళ క్రితం ఎవరో ఒక పెద్దమనిషి, రాజులకూ కవులకూ కట్టిన కట్టడం వెనక, తమ కుక్క కోసం ఇంత రాయి చెక్కించాడు కదా అనిపించి కళ్ళు తడిశాయి.

"ధర్మరాజు వెంట స్వర్గం దాకా వెళ్ళింది కుక్కే" అంది అమ్మ. ఈ లోయ పేరు స్వర్గమని ముందే చెప్పాను కనుక ఆ మాట వచ్చింది. తర్వాత మొదటిసారిగా "ఇటు రావే చుక్కా" అని పిలిచింది.

అప్పటికి పదకొండున్నర. గోతిక్ టెంపుల్ వైపు వెళ్ళాం. ఎర్రటి రాతితో 1741లో మొదలుపెట్టిన కట్టడం, జేమ్స్ గిబ్స్ డిజైన్. దాని కింది మైదానంలో గొర్రెలు మేస్తున్నాయి. ముందుగానే చిక్కం తొడిగాను. అమ్మ చూసి "దూడకు కట్టినట్టు కట్టావే" అంది. చుక్క ఒళ్ళంతా వణికింది, మూలిగింది, కానీ లాగలేదు. ట్రైనర్ చెప్పినట్టు గొర్రెలకు వీపు చేసి, చీజ్ ముక్క చూపిస్తూ పక్కకు నడిచాను. మూడు నిమిషాల పని. నా చొక్కా చెమటతో తడిసిపోయింది. ఆ మైదానం అంచున గోడ కనిపించదు. దగ్గరికి వెళితే గోతిలో దాచిన గోడ ఉంటుంది, దాన్ని హా-హా అంటారు. దూరం నుంచి చూస్తే పచ్చిక ఒకటే పరుపులా కనిపిస్తుంది. కుక్కకు కూడా అలాగే కనిపిస్తుంది. పొడుగు పట్టీ వేసి పరుగెత్తనిస్తే నాలుగైదు అడుగుల గోతిలో పడుతుంది. పొట్టి పట్టీ నియమం గొర్రెల కోసమేననుకున్నాను. అప్పుడు అర్థమైంది, కుక్క కాళ్ళ కోసం కూడా అని.

పన్నెండున్నరకి గ్రీసియన్ లోయలో చెట్టు కింద దుప్పటి పరిచాం. 1741 నుంచి పదేళ్ళు ఇక్కడ తోటమాలుల పెద్దగా పనిచేసిన కేపబిలిటీ బ్రౌన్ ఉన్న రోజుల్లో, మట్టి తవ్వి ఎత్తిపోసి చేసిన లోయ ఇది. చూస్తే దేవుడు చేసినట్టే ఉంటుంది. చుక్క అలసిపోయింది. గ్రేహౌండ్‌లు వేగంగా పరుగెత్తుతాయి గానీ, గంటల కొద్దీ నడవలేవు. నేనే దాని చిక్కం విప్పాను. నీళ్ళు పోశాను. నాకు ఆఫీసు నుంచి ఫోన్ వస్తే పది అడుగులు పక్కకు వెళ్ళాను. నాలుగు నిమిషాలు మాట్లాడి తిరిగి వచ్చేసరికి, అమ్మ అరచేతిలో ముద్ద పెట్టుకుని చుక్కకు తినిపిస్తోంది. అరవై ఏళ్ళ భయం పోగొట్టుకుని, వేళ్ళు నాకించుకుంటూ, మొహమంతా నవ్వుతో. ఫోటో తీద్దామని ఫోన్ ఎత్తాను.

"ద్రాక్షపళ్ళు ఏరుకుని మరీ తిందే" అంది అమ్మ.

దద్ధోజనంలో దానిమ్మ గింజలతో పాటు ద్రాక్షపళ్ళు కోసి వేయడం మా ఇంట్లో మామూలే. కుక్కలకు ద్రాక్ష విషం. పచ్చివైనా, కిస్‌మిస్‌లైనా మూత్రపిండాలు చెడగొడతాయి. ఎన్ని తింటే ప్రమాదమో లెక్క లేదు. ఒక కుక్కకు గుప్పెడు తిన్నా ఏమీ కాకపోవచ్చు, ఇంకోదానికి నాలుగైదే ప్రాణం మీదికి తేవచ్చు. ఈ సంగతి నాకు తెలుసు. అమ్మకు చెప్పలేదు. కుక్కను ముట్టుకోని మనిషి దానికి తినిపిస్తుందని నేను అనుకోలేదు.

సమయం 12:47. డాక్టరుకు ఫోన్ చేశాను. బరువు ఎంత, ఎన్ని తింది, ఎంతసేపైంది, ఉల్లిపాయ కలిసిందా అని అడిగారు. ఇరవై ఏడు కిలోలు, ఎనిమిదో పదో ముక్కలు, పది నిమిషాలు, ఉల్లిపాయ లేదు. వెంటనే తీసుకురండి, దారిలో ఏమీ పెట్టకండి, ఇంట్లో ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించే ప్రయత్నం అసలే వద్దు అన్నారు. కారు ఉన్నదేమో తోట అవతల, ఎత్తు మీద. అమ్మను గేటు దగ్గర బగ్గీ ఎక్కించి నేను చుక్కతో నడిచాను. పొద్దున పది నిమిషాలు పట్టిన దారి అప్పుడు ఎంతకీ తరగలేదు. కారులో అమ్మ ఒకటే మాట, "నా చేత్తో పెట్టాను". వద్దమ్మా అన్నా వినలేదు.

1:52కి ఆస్పత్రి. వాంతి అయ్యే ఇంజెక్షన్ ఇచ్చారు. ఐదు నిమిషాల్లో అంతా బయటికి వచ్చింది. నర్సు గ్లవుజుతో వెతికి ద్రాక్ష ముక్కలు తొమ్మిది లెక్కపెట్టింది. తిన్నది ఎనిమిదో పదో అన్నాం కనుక దాదాపు అన్నీ వచ్చినట్టే. ఆస్పత్రిలో ఉంచి సెలైన్ ఎక్కిస్తే రోజుకు 600 పౌండ్ల దాకా అవుతుందని, తొందరగా బయటికి వచ్చింది కనుక ఇంట్లో గమనిస్తూ రెండు రోజులు రక్తపరీక్ష చేయిస్తే చాలని చెప్పారు. ఆరోజే మొదటి రక్తపరీక్ష కూడా చేయమని నేను అడిగాను. అది ఎంత మంచిపనైందో మర్నాడు తెలిసింది. బిల్లు 238 పౌండ్లు.

ఆ రాత్రి అమ్మ పడుకోలేదు. చుక్క పరుపు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. ఎన్నిసార్లు పెరట్లోకి వెళ్ళిందో, ఎన్నిసార్లు మూత్రం పోసిందో కాగితం మీద రాసింది. తెల్లారి నాకు ఇచ్చింది, ఐదు సార్లు, టైములతో సహా.

14న రెండో రక్తపరీక్ష. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ అంకె, కాగితం మీద ఉన్న హద్దు కంటే ఎక్కువ వచ్చింది. ఆ అంకె చూసి నా కాళ్ళలో బలం పోయింది. డాక్టరు మాత్రం తొణకలేదు. గ్రేహౌండ్‌లకు కండ ఎక్కువ కనుక మామూలుగానే ఆ అంకె మిగతా కుక్కల కంటే ఎక్కువ ఉంటుందట. నిన్నటిదీ ఇవాళ్టిదీ పక్కపక్కన పెట్టి చూపించారు. రెండూ ఒకటే. విషం పనిచేసేలోపు తీసిన రక్తం లేకపోతే ఆ పోలికకు అవకాశమే ఉండేది కాదు. ఆరోజు సాయంత్రం చెవి వెనక ఒక పిడుదు కూడా దొరికింది, తోటలో పొడుగు గడ్డిలో పట్టినట్టుంది. వేళ్ళతో లాగకూడదు, తల లోపల ఉండిపోతుంది. కొక్కెంలా ఉండే చిన్న ప్లాస్టిక్ పరికరంతో తిప్పి తీశాను, 5 పౌండ్లు.

15న మూడో పరీక్ష. అదే అంకె. గండం గడిచిందన్నారు. రెండు పరీక్షలకూ కలిపి 170. మొత్తం 408 పౌండ్లలో మొదటి 125 మేమే కట్టుకోవాలి, మిగిలిన 283 బీమా కంపెనీ నుంచి జూన్ 24న, ఆరు వారాలకు వచ్చింది. క్లెయిమ్ ఫారంలో ఏం తిన్నదన్న గడిలో పెరుగన్నం అని తెలుగులో ఆలోచించి, ఇంగ్లీషులో ఏం రాయాలో తోచక చాలాసేపు కూర్చున్నాను.

జూలై 3న మళ్ళీ స్టోవ్ వెళ్ళాం. అమ్మే అడిగింది. ఎండ ముదరకముందే, పదింటికల్లా గేటు దగ్గర ఉన్నాం. ఈసారి అమ్మ మూడు డబ్బాలు సర్దింది. మూడోదాని మీద మార్కరుతో పెద్దక్షరాలతో చుక్క అని రాసి ఉంది. లోపల ఉప్పు కూడా వేయని వట్టి అన్నం, ఉడికించిన కోడి ముక్కలు. ఇంట్లో మాంసం ముట్టని మనిషి, వంటింట్లో నిలబడి తన చేతులతో ఉడికించింది.

తిన్నగా రాతి గూళ్ళ వెనక్కి నడిచాం. అమ్మ ఆ శాసనం మళ్ళీ మొత్తం చెప్పించుకుంది, తెనాలిలో పిన్నికి వినిపించాలని ఫోన్లో రికార్డు కూడా చేసింది. నేను చదువుతుంటే చుక్క నా దగ్గరి నుంచి కదిలి, అమ్మ పక్కకు వెళ్ళి, బరువంతా ఆవిడ మోకాలికి ఆనించి ఒరిగింది. నొప్పి ఉన్న మోకాలే. అమ్మ గోడకు చెయ్యి ఆనించుకుని, ఆఖరి వాక్యం అయ్యేదాకా పక్కకు జరగలేదు.